ఒంటిగంటా ముప్పై అయిదు

శుక్రవారం ఉదయం ఆఫీసు మెట్లెక్కి వచ్చిన ఆవిడ, కుర్చీలో కూర్చునే ముందు కిటికీలోంచి వీధికేసి మూడుసార్లు చూసింది. టైపిస్టు మంచినీళ్ల గ్లాసు అందిస్తే సగం నీళ్లు చీర మీదే ఒలికాయి. ఆవిడ అది గమనించనేలేదు.

"నన్నెవరో చంపాలని చూస్తున్నారండీ. నా కారుతోనే," అంది.

టైపిస్టు తలుపు దగ్గరే ఆగిపోయింది. పదకొండేళ్లుగా ఈ డిటెక్టివ్ దగ్గర పనిచేస్తున్నా, ఇలాంటి మాట విన్నప్పుడల్లా ఆమెకు అరచేతులు చల్లబడతాయి. డిటెక్టివ్‌కు మాత్రం కాఫీ కూడా చల్లబడలేదు. ఆయన ఒకప్పుడు బస్సు డిపోలో హెడ్ మెకానిక్. ఇంజను మీద చెవి ఆనించి జబ్బేమిటో చెప్పేవాడని, ఊరంతా ఆయన్ని చెవులాయన అనేది. డిపో వదిలినా ఆ పేరు వదల్లేదు. ఇప్పుడు మనుషుల మాటల మీద చెవి ఆనిస్తున్నాడు, అంతే తేడా.

"మొదటినుంచీ చెప్పండమ్మా. ఏదీ దాటెయ్యకుండా."

ఆవిడ రైలు పట్టాలకు అవతల ఉన్న ఆసుపత్రిలో నర్సు. పెళ్లి కాలేదు. అక్కా బావా ఇంట్లోనే ఉంటుంది. రోజూ ఏడింటికి పాత కారులో బయలుదేరుతుంది. దారిలో కాపలా లేని రైల్వే క్రాసింగు ఉంది. గంట మోగుతుంది, ఎర్రదీపం వెలుగుతుంది, అడ్డుకర్ర మాత్రం లేదు. ఏడున్నరకు గూడ్సు పోయేదాకా ఆగాలి. అది పోయిన నాలుగు నిమిషాలకు రెండో పట్టా మీద ఎక్స్‌ప్రెస్ వస్తుంది. ఆ మధ్యలోనే అందరూ దాటుతారు.

"సోమవారం అక్కడ ఆగి ఉంటే కారు మలేరియా వచ్చినట్టు వణికింది. దీపాలు డల్ అయిపోయి ఇంజను ఆగిపోయింది. పాత బండి కదా అనుకున్నా. మెకానిక్ వచ్చి బ్యాటరీకి చార్జి ఇచ్చే డైనమో వెనక వైరు నట్టు వదులైందని బిగించాడు. నిన్న గురువారం..." ఆవిడ మళ్లీ కిటికీకేసి చూసింది. "నిన్న సరిగ్గా పట్టాల మీద ఆగిపోయిందండీ. తాళం తిప్పితే టిక్కుమంటుంది, అంతే. గంట మోగడం మొదలైంది. కాళ్లు కదల్లేదు. ఇద్దరు లారీవాళ్లు పరుగెత్తుకొచ్చి తోసేశారు. బండి పక్కకు జరిగిందో లేదో, రైలు గాలికి అద్దాలు దడదడలాడాయి."

"గూడ్సు కోసం ఆగినప్పుడు ఇంజను ఆపెయ్యొచ్చుగా?"

"ఆపితే మళ్లీ స్టార్టవదని ఇంట్లో అన్నారు. అందుకే ఆపడం లేదు. మంచు కాబట్టి దీపాలు, అద్దం మీద గాలి, అన్నీ ఆన్‌లోనే ఉంటాయి."

"సరే, మీరు లేకపోతే ఎవరికి లాభం?"

పోయిన నెల మిల్లులో ఒక కార్మికుడు కరెంటు స్తంభం మీద కాలిపోయాడు. ఇద్దరు పిల్లల తండ్రి. చెప్పకుండా తనంతట తనే ఎక్కాడని మిల్లువాళ్లు రాసేశారు. కానీ ఆసుపత్రిలో ప్రాణం పోయే ముందు అతను నర్సు చెయ్యి పట్టుకుని, "లైను తీసేశాను, కరెంటు లేదు, ఎక్కు అన్నారమ్మా," అన్నాడు. అన్నదెవరో చెప్పేలోగా కన్ను మూశాడు. ఆ మాట వచ్చే సోమవారం విచారణలో చెప్పాలి. లైను తీసే తాళంచెవి ఎవరెవరి దగ్గర ఉందో అప్పుడు తీగలాగుతారు.

"ఆ మాట ఎవరెవరికి తెలుసు?"

"ఇంట్లో చెప్పాను. పై వాటాలో మిల్లు మేనేజరు గారి డ్రైవరు అద్దెకుంటాడు, అతనికీ తెలిసింది. నాకతన్ని చూస్తేనే భయంగా ఉంది. నేనసలు వెనక్కి తగ్గేదాన్నే, బావే ధైర్యం చెప్పాడు. నిజం చెప్పడానికి భయమెందుకు మరదలా, అన్నాడు."

చెవులాయన ఆవిడ సంచిలోంచి తొంగిచూస్తున్న చిన్న పుస్తకం అడిగి తీసుకున్నాడు. రోజూ ఇంటినుంచి ఎప్పుడు బయలుదేరిందీ ఆవిడ అందులో రాసుకుంటుంది. చేతికి వాచీ పెట్టుకోదు, మాటిమాటికీ చేతులు కడుక్కునే ఉద్యోగం. కారు స్టార్టు చేయగానే ముందున్న గడియారం చూసి రాయడం అలవాటు. సోమవారం పేజీలో 1-35 అని రాసి, కొట్టేసి, 7-10 అని దిద్ది ఉంది. మంగళవారం, బుధవారం కొట్టివేతలు లేవు. గురువారం మళ్లీ 1-30 కొట్టేసి 7-05.

"గడియారం కూడా పిచ్చిదైపోయిందండీ. ఆ రెండు రోజులూ ఇంట్లో గడియారం చూసి నేనే సరిచేసుకున్నా," అంది నర్సు.

చెవులాయన పుస్తకం మూశాడు. దాన్ని తిరిగి ఇవ్వడం మరిచిపోయినట్టు తన జేబులో పెట్టుకున్నాడు. ఆయన దేన్నీ ఊరికే మరిచిపోడని టైపిస్టుకు తెలుసు.

మధ్యాహ్నం ఇద్దరూ నర్సు ఇంటికి వెళ్లారు. చుట్టూ ఎత్తయిన గోడ, ఒకటే ఇనుప గేటు. రాత్రి తొమ్మిదికి తాళం వేసి పొద్దున్న ఆరింటికి తీస్తానని అక్క చెప్పింది. మనిషి మెత్తన, మాట ఇంకా మెత్తన.

"డ్రైవరు ముందే పోతాడు. నాలుగున్నరకు వెళ్లి, తన తాళంచెవితో మళ్లీ బయటనుంచి వేసేస్తాడు. మా ఆయన ఐదింటికే లేస్తారు. తన స్కూటరు తుడుచుకుని, పాపం, మరదలి కారు కూడా తుడుస్తారు. నేను అరిచి గీపెట్టినా మానరు."

"ఇంటి అల్లుణ్ణి కదండీ, ఆ మాత్రం వెట్టి తప్పదు," అంటూ బావ నవ్వాడు. మిల్లులో ఇరవై ఏళ్లుగా కరెంటు ఫోర్‌మన్. గదిలోకి వచ్చీ రాగానే మరదలి తల మీద చెయ్యి వేసి, "ఏం మరదలా, డిటెక్టివ్‌ని తెచ్చావా? ఇక మా పప్పులుడకవన్నమాట," అని ఆటపట్టించాడు. రెండు రోజుల్లో మొదటిసారి నర్సు ముఖం మీద నవ్వు కనిపించింది. అది చూసి టైపిస్టుకు కూడా ప్రాణం కుదుటపడింది.

డ్రైవరు మాత్రం మెట్ల మీదే నిలబడి, అడిగినదానికి ముక్తసరిగా బదులిచ్చాడు. రోజూ ఐదింటికల్లా మేనేజరు ఇంటి దగ్గర రిజిస్టరులో సంతకం పెట్టాలి. కావాలంటే వెళ్లి చూసుకోండన్నాడు. చూపులు నేల మీదే ఉన్నాయి. దొంగ చూపులని టైపిస్టు మనసులో ముద్ర కొట్టేసింది.

చివరికి మెకానిక్ షెడ్డు. అతను చేతులు తుడుచుకుంటూ ముందే మొదలెట్టాడు.

"సోమవారం ఆ నట్టు నా చేతులారా బిగించానండీ. బండి రేసు చేసి మీటరు పెట్టి చూశా. పద్నాలుగు వోల్టులు చూపించింది, చార్జింగు బాగానే ఉంది. మళ్లీ వదులైందంటే నమ్మను."

"వేలికి ఆ మచ్చేమిటి?" అన్నాడు చెవులాయన. ఉంగరపు వేలు చుట్టూ తెల్లగా కాలిన గుర్తు ఉంది.

"డైనమో వెనక స్పానర్ పెడితే ఉంగరానికి తగిలి అంటుకుందండీ. ఆ వైరు నేరుగా బ్యాటరీనుంచి వస్తుంది కదా, ఎప్పుడూ బతికే ఉంటుంది."

"మరి ముందు బ్యాటరీ తీగ తియ్యవా?"

"ప్రతిసారీ ఎవరు తీస్తారండీ! ఒక్కనాడూ తీసి ఎరగను. ఇప్పుడు ఉంగరం పెట్టుకోవడం మానేశా, అంతే."

ఆ సాయంత్రం కారును తాడు కట్టి లాగించి, చెవులాయన తన ఆఫీసు వెనక పెరట్లో పెట్టించాడు. రాత్రంతా బ్యాటరీకి చార్జింగు పెట్టాడు. మరే భాగం మీదా చెయ్యి వేయలేదు.

శనివారం ఏడుంపావుకు ముగ్గురూ ఆ క్రాసింగు దగ్గర ఉన్నారు. నర్సు స్టీరింగు పట్టుకుంది. చెవులాయన పక్కన కూర్చున్నాడు. బ్యాటరీ నుంచి కిటికీలోంచి లోపలికి లాగిన తీగల కొసన ఆయన ఒళ్లో మీటరు ఉంది. వెనక సీట్లో టైపిస్టు తనకు తెలిసిన దేవుళ్లందర్నీ వరసగా పలకరిస్తోంది. మంచులో పది అడుగుల అవతల పట్టాలు కూడా సరిగ్గా కనిపించడం లేదు.

"ఏం జరిగినా ఇక్కణ్ణించి కదలొద్దు," అన్నాడు చెవులాయన. "ఇప్పుడు కొంచెం యాక్సిలరేటరు తొక్కండి."

ఇంజను సాఫీగా మోగింది. మీటరు పద్నాలుగు చూపించింది.

"కాలు తీసెయ్యండి."

కాలు తీయగానే వణుకు మొదలైంది. టైపిస్టు పళ్లు కూడా టకటకలాడాయి. అది ఇంజనుదో తనదో ఆమెకే తెలియలేదు. మీటరు పన్నెండున్నరకు పడి, అక్కణ్ణించి మెల్లిగా దిగసాగింది. గూడ్సు గడగడమంటూ పోయింది. మీటరు పదకొండున్నరకు వచ్చింది. కారు దీపాలు మసకబారాయి. గంట మళ్లీ మోగింది. ఇంజను రెండుసార్లు దగ్గి చచ్చిపోయింది. నర్సు తాళం తిప్పితే టిక్కుమంది. ఆ మరుక్షణం ఎక్స్‌ప్రెస్ మంచును చీల్చుకుంటూ కళ్లముందు పోయింది. నర్సు రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చేసింది. టైపిస్టు వెనకనుంచి ఆమె భుజాలు గట్టిగా పట్టుకుంది.

చెవులాయన దిగి బానెట్ ఎత్తాడు. వెంట తెచ్చిన వేరే బ్యాటరీ తగిలించి ఇంజను స్టార్టు చేయించాడు. వణుకుతున్న ఇంజను పక్కన చెవి పెట్టి, ఒక రబ్బరు గొట్టం కిందికి వేలు పోనిచ్చాడు. తర్వాత దాని చుట్టూ తడిగుడ్డ చుట్టాడు. వణుకు ఠక్కున ఆగిపోయింది. మీటరు మళ్లీ పద్నాలుగుకు ఎక్కింది.

"సాయంత్రం అందర్నీ ఇంట్లో కూర్చోబెట్టండి. మెకానిక్‌ని కూడా," అన్నాడు.

సాయంత్రం ముందు గదిలో అక్క, బావ, నర్సు ఒక బల్ల మీద, డ్రైవరూ మెకానిక్కూ ఎదురుబొదురుగా కూర్చున్నారు. చెవులాయన చేతిలో నర్సు పుస్తకం ఉంది.

"కారుకు రెండు జబ్బులు పెట్టారు. ఒక్కోటి విడిగా ప్రాణం తీసేది కాదు. గాలి పీల్చే గొట్టాన్ని అడుగున, కంటికి కనబడనిచోట బ్లేడుతో కోశారు. దాంతో నిలబడ్డప్పుడు మాత్రమే ఇంజను వణుకుతుంది. డైనమో వెనక వైరు నట్టు వదులు చేశారు. ఇంజను సాఫీగా తిరిగితే ఆ వైరు ఆనుకునే ఉంటుంది, వణికితే విడిపోతుంది. అందుకే రేసు చేసి చూసిన మెకానిక్‌కు పద్నాలుగు వోల్టులు కనబడ్డాయి. బ్యాటరీ అసలే ముసలిది. దీపాలు వేసుకుని పావుగంట నిలబడితే ఖాళీ. ఇక పట్టాలు ఎక్కగానే ఆగిపోవడమే, మళ్లీ స్టార్టవ్వడం ఉండదు."

"నేను కాదు బాబోయ్," అన్నాడు మెకానిక్.

"నువ్వు కాదు. ఇంటి గేటుకు పొద్దున్న ఆరింటిదాకా తాళం. పైగా నువ్వు బ్యాటరీ తీగ తియ్యవు. తీస్తే కారు గడియారం ఆగి, మళ్లీ తగిలించగానే పన్నెండు నుంచి మొదలవుతుంది. నువ్వు నట్టు బిగించిన మర్నాడు, మంగళవారం, గడియారం సరిగ్గానే ఉంది. సోమవారం ఏడూ పదికి అది ఒంటిగంటా ముప్పై అయిదు చూపించింది. అంటే పొద్దున్న ఐదూ ముప్పై అయిదుకు ఎవరో ఆ తీగ తిరిగి తగిలించారు. గురువారమూ అంతే. ఏడూ ఐదుకు ఒంటిగంటన్నర. లెక్క మళ్లీ ఐదూ ముప్పై అయిదే."

బావ గొంతు సవరించుకున్నాడు. "బ్యాటరీ వీకైతే స్టార్టు చేసేటప్పుడు గడియారం దానంతటదే పన్నెండుకు పోతుందండీ. అది సహజం."

"పోతుంది. కానీ అప్పుడు ఆవిడకి పన్నెండే కనబడేది. ఆవిడ తాళం తిప్పేటప్పటికే అది గంటన్నర నడిచి ఉంది." చెవులాయన డ్రైవరు వైపు తిరిగాడు. "రిజిస్టరు చూశాను. రెండు రోజులూ ఐదింటికే నీ సంతకం ఉంది. నీ భయం వేరు. మేనేజరు గురించి ఏం మాట్లాడినా ఉద్యోగం ఊడుతుందని."

డ్రైవరు తలూపాడు. టైపిస్టు అతని మీద కొట్టిన ముద్రను సిగ్గుపడుతూ మనసులోనే చెరిపేసుకుంది. ఆ మరుక్షణం, ఇక మిగిలింది ఎవరో అర్థమై ఆమె నర్సుకేసి చూసింది.

"నర్సమ్మా, ఇంజను ఆపొద్దని మీకు మొదట చెప్పిందెవరు?"

 నర్సు తన పక్కన కూర్చున్న బావ నుంచి మెల్లిగా జరిగి, బల్ల చివరకంటా వెళ్లింది.

"తుడిచే వంకతో చెయ్యి పెట్టడం తేలిక," అన్నాడు చెవులాయన. "కానీ ఇరవై ఏళ్ల అలవాటు. కరెంటు పని తెలిసినవాడు ముందు లైను తీస్తేగాని చెయ్యి పెట్టడు. చేతులు వాటంతటవే ఆ పని చేసేస్తాయి. మీరు కారు మీద చెయ్యి పెట్టిన రెండుసార్లూ ముందు కరెంటు తీశారు ఫోర్‌మన్ గారూ. స్తంభం మీద ఆ మనిషి చెయ్యి పెట్టినప్పుడు మాత్రం తియ్యలేదు."

 బావ ముఖంలో నవ్వు ఇంకా సగం అలాగే ఉంది, తీసెయ్యడం మరిచిపోయినట్టు.

"లైను తీస్తే మిల్లంతా ఆగిపోతుంది," అన్నాడు చివరికి. "మేనేజరు తిడతాడు. రెండు నిమిషాల పనే కదా, ఏమీ కాదనుకున్నా. తీసేశానని చెప్పా." మరదలి వైపు చూడబోయి మానుకున్నాడు. "నిన్ను చంపాలని కాదే. భయపడి విచారణ రోజున మంచం దిగవనుకున్నా."

"రైలుకు ఆ తేడా తెలియదు," అన్నాడు చెవులాయన.

బయట జీపు ఆగింది. ఇన్‌స్పెక్టరు లోపలికి వస్తున్నా అక్క కదల్లేదు. మొగుడు లేచి, చెప్పులు వేసుకుని, గడప దాటేదాకా గోడకేసి చూస్తూ ఉండిపోయింది.

సోమవారం ఉదయం విచారణకు నర్సు తోడు రమ్మంటే టైపిస్టు కాదనలేకపోయింది. మెకానిక్ కొత్త గొట్టం వేశాడు, నట్టు బిగించాడు. ఈసారి చెవులాయన నెత్తి మీద నిలబడి బ్యాటరీ తీగ తీయించాడు కూడా. కారు గేటు దాటబోతుంటే అక్క పరుగున వచ్చి వెనక తలుపు తీసింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి. జుట్టు మాత్రం శుభ్రంగా దువ్వుకుంది.

"నువ్వెందుకక్కా?" అంది నర్సు.

"ఆయన ఐదింటికే లేచేవారని చెప్పాల్సింది నేనే కదే," అని అక్క సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది.

క్రాసింగు దగ్గర ఎర్రదీపం వెలిగింది. నర్సు కారు ఆపి, ఇంజను కూడా ఆపేసింది. మంచులో ముగ్గురూ పట్టాలకేసి చూస్తూ కూర్చున్నారు. గూడ్సు పోయింది. ఎక్స్‌ప్రెస్‌ను కూడా పోనిచ్చారు. వెనక సీట్లోంచి అక్క చెయ్యి ముందుకు వచ్చి నర్సు భుజం మీద ఆగింది. నర్సు ఆ చేతి మీద తన చెయ్యి వేసి, రెండో చేత్తో తాళం తిప్పింది.