బాత్రూం కడిగే ఆదివారం

ఆ ఇంట్లో బాత్రూం కడిగే ఆదివారం వచ్చిందంటే తండ్రికీ కూతురికీ పండగే. నెలా రెండు నెలలకోసారి తల్లి చీపురు చేతబట్టుకుని, "ఇవాళ బాత్రూం కడుగుతున్నా. మధ్యాహ్నం దాకా ఎవరూ ఇటు రాకండి" అని ప్రకటించేది. తండ్రి కూతుర్ని వెంటబెట్టుకుని బజారుకు బయల్దేరేవాడు. తిరిగొచ్చేసరికి ఇల్లంతా ముక్కు మండే ఘాటు వాసన, తల్లి తలకు తడి తువ్వాలు. "కిటికీలు తియ్యండి, యాసిడ్ వాసన అంత తొందరగా పోదు" అనేది. సాయం చేస్తామని ఆ ఇద్దరిలో ఒక్కరూ ఏనాడూ అన్న పాపాన పోలేదు.

కూతురికి ఇంట్లో పేరు పొదమ్మ. పెట్టింది తల్లే. ఆ జుట్టు అలాంటిది. దువ్వెన పళ్లు విరగాలే తప్ప అది లొంగదు. రింగులు రింగులుగా చెవుల మీదా మెడ మీదా తన ఇష్టం వచ్చినట్టు పెరుగుతుంది. చిన్నప్పుడు జడ వేస్తూ తల్లి రోజూ ఒకటే పాట పాడేది. "అన్నీ నా పోలికలే. ఈ తల ఒక్కటి మీ నాన్నది."

తండ్రి బస్సు కండక్టరు. పెళ్లినాటికే బట్టతల వచ్చేసింది కాబట్టి ఆయన జుట్టు ఎలా ఉండేదో చెప్పడానికి సాక్ష్యం లేదు. "ఏం చేస్తాం తల్లీ, ఉన్నదంతా నీకిచ్చేసి నేను ఖాళీ అయిపోయా" అని నున్నటి తల తడుముకునేవాడు. తల్లి జుట్టు మాత్రం నడుము దాకా తిన్నగా జారేది. ఆమె కర్టెన్లు కుట్టే షాపులో పనిచేస్తుంది. అక్కడి వాళ్లు ఆమె కుట్టిన కర్టెన్లనీ ఆమె జడనీ ఒకే నోటితో మెచ్చుకునేవారు.

ఆ ఆదివారం ఉదయం కూతురు ఒక డబ్బా తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టింది.

"ఏంటే అది?" అంది తల్లి.

"జుట్టు సాపుగా చేసే క్రీము. రిలాక్సర్ అంటారు. ఇవాళ నేనే రాసుకుంటా."

తల్లి చేతిలో గరిట ఆగిపోయింది. "వద్దు."

"రేపు ఉద్యోగంలో చేరాలమ్మా. ఆ కళ్లద్దాల షాపు మేనేజరు ఏమన్నాడో తెలుసా? కస్టమర్లకు అద్దాలు కనపడాలి గానీ మీ తల కాదు, కాస్త అణిచి రండి అన్నాడు. అందరి ముందూ అన్నాడు."

"వాడి మొహం. వాడన్నాడని తల కాల్చుకుంటావా? అది మొదలెడితే ఆపలేవు. మొదళ్ల దగ్గర కొత్త జుట్టు వస్తూనే ఉంటుంది, నువ్వు రాస్తూనే ఉండాలి. జీవితాంతం చాకిరీ."

"నీకెలా తెలుసు?"

"షాపులో ఎవరో అనుకుంటుంటే విన్నా."

"బాగుందమ్మా! పుట్టినప్పట్నుంచీ పొదమ్మా పొదమ్మా అని నువ్వే పిలిచి, ఇప్పుడు పొద తీసేస్తానంటే నువ్వే అడ్డం పడతావా? నీకేం, పుట్టుకతోనే పట్టులాంటి జుట్టు. నా బాధ నీకేం తెలుసు?"

తల్లి ఏదో అనబోయి పొయ్యి వైపు తిరిగింది. పేపరు వెనక నుంచి తండ్రి మెల్లగా అన్నాడు. "అంతగా చెబుతోంది కదా, పోనీ నువ్వే దగ్గరుండి రాయకూడదూ?"

"మీరు నోరు మూసుకుని కూర్చోండి."

ఆయన నోరు మూసుకుని కూర్చున్నాడు. ఆ పని ఆయనకు బాగా అలవాటు.

కూతురు బాత్రూంలో గడియ వేసుకుంది. శుభ్రమైన తలకైతే క్రీము బాగా పడుతుందనుకుని, ముందు షాంపూ పెట్టి గోళ్లతో మాడంతా గట్టిగా రుద్ది కడిగింది. డబ్బాలో ఉన్న కాగితం మీద బొమ్మలు చూసింది గానీ, బొమ్మల కింద ఉన్న చిన్న అక్షరాలు చదవలేదు. తల ఆరాక చేతులకు తొడుగులు వేసుకుని మూత తీసింది.

ఘాటు ముక్కుకు తగిలింది. ఎక్కడో తెలిసిన వాసన. ఒక్క క్షణం ఆలోచిస్తే గుర్తొచ్చింది, ఇది అమ్మ బాత్రూం కడిగినప్పటి వాసన. అన్నిటిలోనూ అదే మందు కలుపుతారేమో అనుకుని పనిలో పడింది. ముందు వైపు బాగానే రాసుకుంది. పక్కలు కూడా ఫరవాలేదు. వెనక వైపు అద్దంలో కనపడక చేతికందిన చోటల్లా పూసింది. మెడ దగ్గర చురుక్కుమంది. కాసేపటికి చురుకు కాస్తా మంటైంది. ఓర్చుకుందాం అనుకునేలోపు మాడంతా నిప్పు పెట్టినట్టైంది.

"అమ్మా!"

రెండోసారి పిలవాల్సిన అవసరం లేకపోయింది. తల్లి అప్పటిదాకా తలుపు బయటే నిలబడి ఉంది.

"గడియ తియ్యి! ముందే తల రుద్దుకున్నావా? గోళ్లతోనా?"

"శుభ్రంగా ఉంటుందని..."

"అయ్యో నా తల్లీ, రుద్దిన తలకు రాస్తారటే! చర్మం గీరుకుపోయి ఉంటుంది. వంగు. కళ్లు మూసుకో. చెయ్యి పెట్టకు, గోకకు."

చల్లటి నీళ్ల కింద తల పెట్టించి, క్రీము జిడ్డు వదిలేదాకా వేళ్ల కొసలతో మెత్తగా కడిగింది. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, మూలనున్న బాత్రూం బకెట్టు లాగింది. బ్రష్షు తీసి పక్కన పడేసింది, పాత గుడ్డలు తీసింది, వాటి అడుగు నుంచి కవర్లో చుట్టిన సీసా ఒకటి తీసింది.

"ఈ షాంపూకే మందు విరుగుతుంది. నురగ గులాబీ రంగుగా వస్తే ఇంకా మిగిలున్నట్టు. తెల్లగా వచ్చేదాకా కదలకు."

నురగ తెల్లబడింది. మంట కాస్త చల్లారింది. కారుతున్న జుట్టు సందులోంచి కూతురు బకెట్టులోకి చూసింది. అందులో రబ్బరు తొడుగులున్నాయి, చెవుల చుట్టూ రాసుకునే జెల్లీ ఉంది, సగం వాడిన క్రీము డబ్బా ఉంది. తన డబ్బాకి అది అక్క లాంటిది. ఇంట్లో అంతకంటే భద్రమైన చోటు లేదు మరి, బాత్రూం బ్రష్షు జోలికి ఇంకెవరూ పోరు కదా.

"అమ్మా... అయితే నువ్వు ఇన్నేళ్లూ బాత్రూం కడగలేదా?"

తల్లి తడినేల మీదే చతికిలబడింది. "బాత్రూం కూడా కడిగేదాన్ని" అంది.

తడి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"పెళ్లికి ముందు మా పిన్ని ఈ క్రీము నా తలకు రాసింది. మీ నాన్న ఎంత చక్కటి జుట్టో అన్నారు. ఆ తర్వాత కాదని ఎలా చెప్పను? నువ్వు పుట్టాక నీ తల చూసి ఎక్కడ అడుగుతారోనని, ఆయన అడక్కముందే, మీ పోలికేనండీ అనేశా. ఒకసారి అన్నాక వెనక్కి తీసుకోలేకపోయా."

"నాకు పెళ్లైన నెలకే తెలుసు" అన్నాడు తండ్రి. గుమ్మంలో పేపరు చేత్తో పట్టుకునే నిలబడి ఉన్నాడు.

"ఏమండీ!"

"నాది ఉన్నన్నాళ్లూ చీపురు పుల్లల్లాంటి జుట్టు. ఆ మాత్రం తెలియదా నాకు? కానీ నువ్వంత కష్టపడి దాచుకుంటుంటే, తెలిసిపోయిందని చెప్పి ఏడిపించడం ఎందుకనిపించింది. అందుకే ఆదివారాలు బజారుకు పోయేవాళ్లం. చాలాసార్లు కొనడానికేమీ ఉండేది కాదు."

తల్లి చేతుల్లో మొహం దాచుకుంది. ఇంకో రోజైతే కూతురు పడీపడీ నవ్వేది. ఇవాళ నవ్వు రాలేదు.

"బాగుంది. నువ్వు బాధపడతావని నాన్న చెప్పలేదు. నాన్న ఏమనుకుంటాడోనని నువ్వు చెప్పలేదు. ఇద్దరూ ఒకరినొకరు కాచుకున్నారు. మధ్యలో నేనేం చేశానమ్మా? ఈ ఇంట్లో ఇలాంటి తల నా ఒక్కదానికే అనుకున్నాను. జడ వేసినప్పుడల్లా నువ్వు విసుక్కుంటుంటే, నా మీదే అనుకున్నాను."

"నీ మీద కాదే" అంది తల్లి. "నీ తల దువ్వినప్పుడల్లా నా తలే కనపడేది. విసుగంతా దాని మీద."

తండ్రి తల వంచుకున్నాడు. తన మౌనం వల్ల ఒకరికి దెబ్బ తగులుతూ ఉందని ఆయనకు ఇన్నాళ్లూ తోచలేదు. ఏం చెయ్యాలో తెలియక బ్రష్షు తీసుకుని నేల కడగడం మొదలుపెట్టాడు. పట్టుకోవడం కూడా సరిగ్గా రాలేదు.

మధ్యాహ్నం కిటికీ పక్కన కూర్చోబెట్టి తల్లి మందు రాసింది. మెడ పైన చర్మం ఎర్రగా కంది, రెండు చోట్ల పొక్కింది. వెనక వైపు ఒక పాయ ఊడి చేతిలోకి వచ్చేసింది. ముందు జుట్టు తిన్నగా వేలాడుతోంది, వెనక అందని చోటంతా రింగులు రింగులుగానే ఉంది.

"పొద్దున్నే డాక్టరుకు చూపించి, తర్వాత షాపుకు వెళ్దువు. నేనూ వస్తా." తల్లి కాస్త ఆగింది. "పుండు మానాక, నీకు కావాలంటే, వెనక నేను రాసి పెడతా. ఈసారి ఒంటరిగా వద్దు."

"వద్దమ్మా. రేపు ఇలాగే వెళ్తా. మేనేజరుకు రెండు రకాలూ చూపిస్తా, ఏది కావాలో ఆయన్నే ఏరుకోమంటా."

తల్లికి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"ఇప్పుడు నువ్వు కూర్చో" అంది కూతురు.

"నాకెందుకే?"

"కూర్చో అన్నానా."

పుట్టి బుద్ధెరిగాక అమ్మ తల మీద చెయ్యి వేసింది లేదు. 'నా తల నేనే దువ్వుకుంటా' అనేది ఆమె ఎప్పుడూ. కూతురు జడ విప్పి పాపిట తీసింది. జారిపోయే జుట్టు కింద, మాడును ఆనుకుని, వేలి వెడల్పున కొత్త జుట్టు. అక్కడక్కడా నెరిసింది. అంతా చిన్న చిన్న రింగులు. ఒక రింగు పట్టుకుని లాగి వదిలింది. అది మళ్లీ చుట్టుకుపోయింది. తన చెవి పక్కనున్నది కూడా రోజూ అలాగే చుట్టుకుపోతుంది. ఆ రింగు మీద వేలు అలాగే ఉంచి కూతురు ఏడ్చేసింది.

"నొప్పిగా ఉందా?" అంది తల్లి కంగారుగా, వెనక్కి తిరగబోతూ.

"లేదు. కదలకు." ముక్కు ఎగబీల్చి, ఆ రింగుల మీద చెంప ఆనించి పిలిచింది. "పొదమ్మా..."

తల్లి భుజాలు కదిలాయి. చాలాసేపటి తర్వాత, చిన్నపిల్లలా, "ఊఁ" అని పలికింది.