రెండో సంతకం

మానవ నాగరికత చక్రాన్ని పూజించింది, నిప్పును స్తుతించింది, సున్నాకు సాష్టాంగపడింది. వాంతి సంచికి మాత్రం ఇంతవరకు ఒక్క కృతజ్ఞతావాక్యమైనా పలకలేదు. ఇది చరిత్ర చేసిన ఘోరమైన అన్యాయం. గోధుమరంగు కాగితంతో, లోపల మైనపు పూతతో అవతరించిన ఆ నిరాడంబర పాత్రమే లేకుంటే సికింద్రాబాద్ బాలబాలికలకు సముద్రదర్శనం కలిగి ఉండేదే కాదు.

ఈ సత్యం విజయేందర్‌కు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. పద్మారావు నగర్‌లో ఒక జిరాక్సు దుకాణం పైన ఉన్న 'అలల బడి' అనే సంస్థలో అతడు తొమ్మిదేళ్లుగా టూర్ ఎస్కార్టు. స్కూలు పిల్లలను రైల్లో విశాఖపట్నం తీసుకుపోయి, పడవెక్కించి, డాల్ఫిన్లనూ సముద్రపు పక్షులనూ చూపించి, ఎక్కించినంతమందినీ తిరిగి తల్లిదండ్రులకు అప్పగించడం అతని వృత్తి.

నాలుగేళ్ల కిందట, ఒక డిసెంబరు ఉదయాన, అతడు తిమింగలాన్ని చూశాడు. పడవకన్నా పొడవైన నల్లని వీపు తీరిగ్గా పైకి తేలి, ఒక్క నిట్టూర్పు విడిచి, మళ్లీ మునిగిపోయింది. పడవ నడిపేవాడు ఇంజను మీదికి వంగి ఉన్నాడు. ఆ క్షణాన పడవలో ముప్పై ఎనిమిది మంది పిల్లలూ ఇద్దరు టీచర్లూ ఉన్నారు. నలభై ముఖాలూ నలభై సంచుల్లో ఉన్నాయి.

'అలల బడి'లో ఒక నియమం ఉంది; బ్రోషరులో కూడా అచ్చువేశారు. ఏ జీవి కనబడినా రిజిస్టరులో రాసి, చూసిన పెద్దవాళ్లు ఇద్దరు సంతకం చేయాలి. ఒకరు చూసింది కల, ఇద్దరు చూసింది శాస్త్రం అన్నది యజమాని భద్రయ్య సిద్ధాంతం.

"నువ్వు చూసినవంటే చూసినవ్ తియ్, నేను కాదంటున్ననా?" అన్నాడు భద్రయ్య ఆ రోజు. "కానీ రెండో సంతకమేది బిడ్డా?"

లోకంలో ఒంటరితనాలు అనేకం. యాప్రాల్‌లో మూడో అంతస్తు గదిలో ఒక్క కప్పు చాయ్ కోసం పాలు కాచుకోవడం, పండుగనాడు హోటలు తెరిచి ఉందో లేదో ముందుగా ఫోను చేసి కనుక్కోవడం వంటి వాటికి విజయేందర్ అలవాటుపడ్డాడు. కానీ తిమింగలాన్ని ఒక్కడే చూసినవాడి ఒంటరితనం వేరు. చెప్పుకుంటే నవ్వుతారు, చెప్పుకోకపోతే అది లోపలే ఈదుతూ ఉంటుంది. ఒకసారి మంగలి షాపులో నోరు జారాడు. "పెద్ద చాప అయ్యుంటది సార్, జెర తల వంచున్రి" అని సమాధానం వచ్చింది.

అటువంటి రోజుల్లో బొల్లారంలోని ఒక స్కూలు నుంచి పిలుపు వచ్చింది.

ప్రతి ప్రయాణానికీ ముందు స్కూలు గ్రౌండులో పడవ ప్రాక్టీసు చేయించడం విజయేందర్ పద్ధతి. బెంచీలను పడవ ఆకారంలో పేర్చి, లైఫ్ జాకెట్లు తొడిగి, పిల్లలను కూర్చోబెడతాడు. అతడు ఈల ఊదితే ప్రమాదమని అర్థం: ఎక్కడివాళ్లక్కడ వంగి, తల మోకాళ్లకు ఆనించి, బెంచీ గట్టిగా పట్టుకోవాలి.

అతడు బెంచీలు సర్దుతుండగా సైన్సు టీచర్ ఝాన్సీలక్ష్మి ఒక చేత బ్రోషరు, మరొక చేత ఎర్రపెన్నుతో, న్యాయదేవతవలె విచ్చేసింది.

"సార్, దీంట్ల 'తిమింగలాలు కూడ కనబడవచ్చు' అని ఉన్నది. ఎన్ని కనబడ్డయి ఇప్పటిదాక?"

"ఒకటి, మేడమ్."

"తొమ్మిదేండ్లల్లనా?"

"అవు."

"ఎవరు చూసిన్రు?"

"నేను."

"ఇంకెవరు?"

విజయేందర్ ఖాళీ బెంచీల వైపు చూశాడు. "అప్పుడు అందరు జెర బిజీగ ఉండె, మేడమ్."

ఆమె ఎర్రపెన్నుతో తిమింగలాలను ఒకే గీతతో సంహరించింది. "ప్రూఫ్ లేంది పిల్లలకు చెప్పొద్దు."

"డాల్ఫిన్లను ఉంచొచ్చా?"

"వాటికి రెండు సంతకాలున్నయా?"

"ఉన్నయి."

"అయితే బతుకనీయండి."

గమనించదగిన విషయమేమంటే, ఆమె నవ్వలేదు. ఇన్నేళ్లలో అందరూ రెండో ప్రశ్న దగ్గరే నవ్వారు. నాలుగు ప్రశ్నలూ అడిగి, నాలుగు జవాబులూ విని, నవ్వకుండా కొట్టేసిన మొదటి మనిషి ఈమె. విజయేందర్ హృదయం ఆ ఎర్రగీత కిందనే చిక్కుకుపోయింది.

మొదటి ఈలకు పిల్లలు కిలకిల నవ్వారు. "మళ్ల!" అంది ఝాన్సీలక్ష్మి. రెండోసారి ఎవరో తల ఎత్తి చూశారు. "మళ్ల!" మూడోసారి నలభై రెండు తలలు ఒకేసారి వంగిన తీరు చూస్తే పక్కనున్న కంటోన్మెంటు సైనికులు సిగ్గుపడేవారు. చివరి బెంచీలో ఆమె కూడా వంగింది.

"మీరెందుకు మేడమ్?"

"రూల్ అందరికి ఒక్కటే. నేను తల ఎత్తుకొని కూసుంటె వాళ్లు ఇంటరా?"

మధ్యాహ్నం తక్కిన టీచర్లందరూ చెట్టు నీడలో గుంపుగా కూర్చుంటే, ఆమె ఆ బెంచీల పడవలోనే ఒంటరిగా టిఫిన్ డబ్బా తెరిచింది.

"వాళ్లతోని కూసోరా?"

"నేను పోతె వాళ్ల ముచ్చట బందైతది సార్. పోయినేడు సైన్స్ ఫేర్‌ల ప్రిన్సిపాల్ బిడ్డ ప్రాజెక్టు మీద 'ఇది తండ్రి చేసిండు' అని రాసిన." డబ్బా మూత పక్కన పెట్టి, "నిజంగనే తండ్రి చేసిండు" అంది.

విజయేందర్ తన డబ్బా తెచ్చుకుని పడవ ముందుభాగంలో కూర్చున్నాడు. మధ్యలో ఎనిమిది ఖాళీ బెంచీలు. అయినప్పటికీ ఒకే పడవ.

జనవరి రెండో వారంలో అసలు పడవ కదిలింది. ఆనాడు సముద్రం సికింద్రాబాద్ అతిథులను మన్నించి, గిన్నెలో పాలవలె నిలిచి ఉంది. ఒక్క సంచి కూడా తెరుచుకోలేదు. ముందుగా డాల్ఫిన్లు వచ్చాయి. పిల్లలు అరిచిన అరుపులకు పక్షులు దారి మార్చుకున్నాయి.

"ఐదు!" అన్నాడు విజయేందర్ రిజిస్టరు తెరుస్తూ.

"నాలుగు. ఒకటి రెండుసార్లు ఎగిరింది."

"ఆ ఐదోది ఫీలయితది మేడమ్."

"దాన్నొచ్చి సంతకం పెట్టమనండి, రాసుకుందాం."

నాలుగు అనే రాశాడు. ఆమె సంతకం చేసింది. గాలికి కాగితం ఎగరకుండా ఇద్దరి వేళ్లూ రెండు మూలల్లో ఆనాయి. అతడు గాలికి మనసులోనే నమస్కరించాడు.

తొమ్మిది నలభైకి, కుడివైపున, నూరు గజాల దూరంలో నీరు నల్లబడింది.

విజయేందర్‌కు తెలిసింది. నాలుగేళ్లుగా ఎదురుచూసిన వీపు అది. నలభై రెండు జతల కళ్లు తెరిచి ఉన్నాయి. ఆమె కళ్లు తెరిచి ఉన్నాయి. ఒక్క కేక చాలు. కానీ నాలుగేళ్ల కేక బయటి దారి మరిచిపోయింది. మాట రాని మనిషి చెయ్యి, తొమ్మిదేళ్ల అలవాటు చొప్పున, మెడలో వేలాడుతున్నదాన్ని అందుకుంది.

అతడు ఈల ఊదాడు.

నలభై రెండు తలలు మోకాళ్లకు ఆనాయి. నలభై మూడోది కూడా. ఈల వినబడితే ఇంజను ఆపాలన్నది పడవ నడిపే పాల్‌కు రూలు. అతడు వెనుదిరిగి ఇంజను మీదికి వంగాడు. బొల్లారంలో సాధించిన క్రమశిక్షణ బంగాళాఖాతంలో అణువంత కూడా సడలలేదు.

వంగిన నారింజరంగు లైఫ్ జాకెట్ల మీదుగా, అఖండ నిశ్శబ్దంలో, విజయేందర్ ఒక్కడే నిలబడి చూశాడు. తిమింగలం తేలింది. నీటిని ఆకాశానికి ఊదింది. మరొకసారి, కొంచెం దూరంలో, తోక ఎత్తి, దింపి, వెళ్లిపోయింది.

తరువాత ఝాన్సీలక్ష్మి మెల్లగా తల ఎత్తింది. "ఏమైంది సార్? అల వచ్చిందా?"

అతడు నోరు తెరిచాడు. ఇంకెవరు చూసిన్రు అని ఆమె అడుగుతుంది. నవ్వకుండా అడుగుతుంది. ఆ ప్రశ్నను రెండోసారి భరించే శక్తి అతనికి లేకపోయింది.

"ఏం లేదు మేడమ్. పొరపాటున ఊదిన."

"పొరపాటునా? పిల్లలు ఎంత పరేషాన్ అయిన్రో చూడండి!"

"సారీ మేడమ్."

తీరం చేరేదాకా ఆమె అతనికి వీపు పెట్టి, పిల్లల జాకెట్ల ముడులు సరిచూస్తూ కూర్చుంది.

మరునాడు పగటి రైల్లో తిరుగుప్రయాణం. కాజీపేట దాటాక పిల్లలు ఒకరిమీద ఒకరు వాలి నిద్రపోయారు. విజయేందర్ తలుపు దగ్గరి సీటులో రిజిస్టరు తెరిచి, పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీస్తున్నాడు. ఝాన్సీలక్ష్మి వచ్చి ఎదుట కూర్చుంది.

"రాస్తలేరేంది?"

"రాసేదేం లేదు మేడమ్."

"సార్, నిన్న మీరు పొరపాటున ఊదలే."

అతడు కిటికీలోంచి చూశాడు. బండరాళ్లు, తాటిచెట్లు వెనక్కి పోతున్నాయి. చివరకు చెప్పాడు: ఈసారిది, పోయినసారిది, మంగలి షాపుతో సహా.

ఆమె చేతుల్లో ముఖం దాచుకుంది. భుజాలు కదిలాయి. నవ్వుతున్నదని అతనికి అర్థమయ్యేలోగా కళ్లు తుడుచుకుంటూ తల ఎత్తింది.

"రెండుసార్లు 'మళ్ల' అన్న కదా నేను! నేనే కదా సార్ మీ తిమింగలాన్ని ఎవ్వరు చూడకుంట చేసింది!"

"ఈల నాది మేడమ్."

"రాయండి. టైము సుత రాయండి."

అతడు రాశాడు. తేదీ, తొమ్మిది నలభై, తిమింగలం, ఒకటి. తన సంతకం చేశాడు. ఆమె ముందుకు రిజిస్టరు జరిపే ధైర్యం లేక అట్లే పట్టుకున్నాడు.

"చూడనిదానికి నేను సంతకం పెట్ట," అంది ఆమె.

"నాకెరుక మేడమ్."

"చూసింది మాత్రం రాస్త." ఆమె రిజిస్టరు లాక్కుంది. "తల వంచిన మాట నిజమే. కానీ జెర ఓరగ మీ దిక్కు చూసిన. రూల్ తప్పిన. ఆపద వచ్చినోని మొఖం అట్ల ఉండది సార్."

"ఎట్లుండె?"

ఆమె పెన్ను అందుకుంది. రెండో సంతకం గడిని ఖాళీగానే వదిలి, ఆ వరుసలో చివర ఉన్న వెడల్పాటి గడిలో గుండ్రని టీచరు అక్షరాలతో రాసింది: "నేను తిమింగలాన్ని చూడలేదు. దాన్ని చూస్తున్న మనిషిని చూశాను. ఆ ముఖాన్ని నమ్ముతున్నాను. – ఝాన్సీలక్ష్మి."

విజయేందర్ ఆ మూడు వాక్యాలనూ చదివాడు. మళ్లీ చదివాడు. లోపల ఇన్నేళ్లుగా ఈదుతున్నది మెల్లగా పైకి వచ్చి ఊపిరి తీసుకుంది.

"ఆదివారం మా ఇంటికి రండి," అంది ఆమె కిటికీ వైపు చూస్తూ. "అమ్మకు చెప్పాలె మీరు, మొదటిది ఎట్లుండె, రెండోది ఎట్లుండె."

"అమ్మ నమ్ముతదా?"

"నమ్మది. నేను పక్కన కూసుంట."

సికింద్రాబాద్ ప్లాట్‌ఫారం మీద నలభై రెండు మందినీ లెక్కపెట్టి అప్పగించారు. అతడు ముందు నుంచి, ఆమె వెనుక నుంచి లెక్కపెట్టారు. మధ్యలో, ఇరవై ఒకటి దగ్గర, ఇద్దరూ ఎదురుపడి ఒకేసారి ఆగారు. రిజిస్టరును విజయేందర్ చొక్కా లోపల, గుండెకు ఆనించి, పద్మారావు నగర్‌కు పట్టుకుపోయాడు.

ప్రేమ తన శాసనాన్ని లిఖించుకున్న ఆ వెడల్పాటి గడికి పైన 'అలల బడి' వారు అచ్చువేయించిన శీర్షిక: "పోయిన చెప్పులు, టోపీలు."