హెప్సిబా పక్కన ఖాళీ జాగా

వాన పడుతుంటే గొడుగు పట్టుకొని వచ్చేవాళ్ళుంటారు. విన్సెంట్ మాత్రం ప్లాస్టిక్ కవరు చుట్టిన జంపఖానాను భుజాన వేసుకొని వచ్చాడు. తాను నిలువునా తడిసి, దాన్ని మాత్రం తడవనీయలేదు.

చర్చి వరండాలో నిలబడ్డ హెప్సిబా చేతుల్లో దాన్ని పెట్టి, "కంగ్రాచులేషన్స్" అన్నాడు.

"దేనికి?"

"దాచుడెందుకు? రూతు ఆంటీ చెప్పింది. బుధవారం బుధవారం కౌన్సెలింగ్‌కు పోతానవట గదా."

సుబేదారిలో మనసు వైద్యం చేసే సౌమ్య మేడం దగ్గరికి వెళ్తున్న సంగతి అమ్మకు తప్ప ఎవరికీ తెలియదనుకుంది హెప్సిబా. చర్చి క్వాయర్‌ను నడిపించిన నాన్న జ్ఞానప్రకాశం పోయి ఏడాది కావస్తోంది. అప్పటినుంచి మైకు ముందు నిలబడితే ఆమె గొంతు పూడుకుపోతుంది. పాటా రాదు, ఏడుపూ రాదు. దానికి చికిత్స అంటే సంఘంలో ఏమనుకుంటారో అని భయం. కీబోర్డు వాయించే ఈ విన్సెంట్ ఏమనుకుంటాడో అని మరీ భయం. ఆ 'మరీ' ఎందుకో ఆమెకు బాగానే తెలుసు.

"అవును, పోతాన. అయితే ఏంది?" అంది గడుసుగా.

"ఏం లేదు. మంచోల్లేనా?"

"మంచోల్లే. ఏం చెప్పినా మనసు పెట్టి వింటరు. నీ లెక్క మధ్యల జోకులెయ్యరు."

"ఓహో. చూడంగనే నచ్చిన్రా?"

"మొదట్ల భయమైంది, నోరే తెరవలే. 'మాట్లాడబుద్ధి కాకపోతే ఊరికే కూసుందాం, ఫ్యాన్ గాలి ఫ్రీనే' అన్నరు. ఇప్పుడైతే బుధవారం ఎప్పుడొస్తదా అని చూస్తాన."

విన్సెంట్ మొహం మీద నుంచి నీళ్ళు కారాయి. వాన నీళ్ళే అయివుంటాయి.

"సంతోషం. ఆదివారం మీ నాయిన జ్ఞాపకార్థ కూడికకు కీబోర్డుకు వేరేటోల్లను చూస్కోర్రి. నేను వస్తలేను."

మళ్ళీ వానలోకి దిగి వెళ్ళిపోయాడు.

సౌమ్య మేడం గదిలో గడియారం వచ్చినవాళ్ళ వీపు వెనక ఉంటుంది. టైము చూసుకోవలసిన పని ఆవిడది, వాళ్ళది కాదు. బుధవారం హెప్సిబా కూర్చుంటూనే మొదలుపెట్టింది.

"నన్ను పిచ్చిదనుకున్నడు మేడం. అందుకే ఉడాయించిండు."

"ఆ మాట ఆయన అన్నడా, నువ్వనుకున్నవా?"

"అనాల్నా? అర్థమైతది గద!"

"నాకైతే కాలే. జర జరిగింది జరిగినట్టు చెప్పు. అగో, ఆ ఖాళీ కుర్చీల విన్సెంట్ ఉన్నడనుకో. నీ మాటలు ఇక్కడ కూసోని అను, ఆయన మాటలు అక్కడికి పోయి అను."

హెప్సిబాకు నవ్వొచ్చింది. అయినా లేచి ఆ కుర్చీలో కూర్చొని "కంగ్రాచులేషన్స్" అని, తన మాటకు తానే ఆగిపోయింది.

"మేడం, ఇట్లాంటిదానికి కంగ్రాచులేషన్స్ ఎవలన్న చెప్తరా?"

"నువ్వేమనుకుంటానవ్?"

"మీతోని గిదే లొల్లి, అన్నీ నన్నే అడుగుతరు. జంపఖానా మా అమ్మ విప్పింది. నా పేరు నేసి, పక్కన జాగా ఇడిచిండు. కొత్తవాడల పెండ్లి జంపఖానాల మీద ఇద్దరి పేర్లు..."

నోటి మీద చెయ్యి వేసుకుంది. పెళ్ళి కుదిరిన జంటను పాస్టరుగారు ఎదురుగా కూర్చోబెట్టుకొని చెప్పే మంచిమాటలను వాళ్ళ సంఘంలో కౌన్సెలింగ్ అంటారు. అమ్మ నోట ఆ మాట విన్న రూతు ఆంటీకి తెలిసింది ఆ ఒక్క కౌన్సెలింగే.

"అయ్యో ప్రభువా! నేను మీ గురించి చెప్తాంటే ఆయన పెండ్లికొడుకు గురించి విన్నడు!"

సౌమ్య మేడం నవ్వు ఆపుకోవడానికి చాలా తంటాలు పడింది.

"మీరే ఒక ఫోన్ కొట్టి చెప్పరాదుల్లా మేడం."

"నువ్విక్కడికి వస్తానవని నేనెవలకూ చెప్పనని మొదటిరోజే అన్న. చెప్పాల్నా వద్దా, ఎంత చెప్పాలె, అది నీ ఇష్టం."

"చెప్పకపోతే పోతడు. చెప్తే గూడ పోతే?"

"అప్పుడు మళ్ళ ఇక్కడికి రా. ఇద్దరం కూసోని చూద్దాం. ముందుగాల ఆ కుర్చీకి చెప్పు."

మొదటిసారి 'విన్సెంట్' అన్న పేరు దగ్గరే మాట ఆగింది. ఇంకోసారి సగం దాకా వచ్చింది. మేడం 'శభాష్' అనలేదు. "తొందరేం లేదు" అంది, అంతే.

మర్నాడు కొత్తవాడలో విన్సెంట్ వాళ్ళ షెడ్డుకు వెళ్తే, మగ్గాలన్నీ ఒకేసారి ఆడుతున్నాయి. విన్సెంట్ చివరి మగ్గం దగ్గర నూలు చూస్తున్నాడు.

"విన్సెంట్, నేను పోయేది..."

"ఏందీ? వినబడ్తలే!"

"నేను పోయేది!"

పెద్ద నేతగాడు నర్సయ్య ఆడపిల్ల వచ్చిందని చూసి, మగ్గాలు ఆపమని చెయ్యెత్తాడు. హెప్సిబా అది చూడలేదు. ఊపిరంతా కూడగట్టి అరిచింది.

"పెండ్లి కౌన్సెలింగ్‌కు కాదు! నాయిన పోయినంక మనసు మంచిగ లేక పోతాన! ఆమె మేడం! మొగాయన కాదు!"

చివరి మాటకు షెడ్డంతా నిశ్శబ్దం. ఆ 'కాదు' రేకుల కప్పుకు తగిలి తిరిగొచ్చింది.

నర్సయ్య తేరుకున్నాడు. "నడుము నొస్తే నేను దవాఖానకు పోత. మనసు నొస్తే నువ్వు పోతానవ్. దాంట్ల సిగ్గేంది బిడ్డా? ఒరే విన్సెంటూ, పెండ్లికొడుకు లేడట. ఇగ అన్నం తిను!"

అందరూ నవ్వారు. విన్సెంట్ చెవులు ఎర్రబడ్డాయి.

"గింత గొంతు ఇన్నొద్దులు యాడ దాచినవ్?" అన్నాడు మెల్లగా.

ఆ మాటతో, ఏడాదిగా రాని ఏడుపు వచ్చింది. విన్సెంట్ జోకు వెయ్యలేదు. స్టూలు జరిపి కూర్చోబెట్టాడు.

"మాట్లాడబుద్ధి కాకపోతే ఊరికే కూసుందాం. ఫ్యాన్ గాలి ఫ్రీనే."

"ఫ్యానేది?" అంది ముక్కు తుడుచుకుంటూ.

అతను అట్టముక్క తీసుకొని విసరడం మొదలుపెట్టాడు.

కాసేపటికి ఆమె అడిగింది. "ఆ జాగాల నీ పేరు పడ్తదా?"

అట్టముక్క ఆగింది. "ఎవల పేరూ నెయ్య చెయ్యి రాక ఇడిచిన. నేసినంక పేరెక్కదు. కొత్తది నెయ్యాలె."

"అయితే నెయ్యి."

ఆదివారం కూడికలో నాన్నకు ఇష్టమైన పాట హెప్సిబాయే పాడింది. రెండో చరణంలో గొంతు జీరబోతే, ఆమె మళ్ళీ అందుకునేదాకా కీబోర్డు అక్కడక్కడే తిరుగుతూ ఆగింది.

ప్రార్థన అయ్యాక రూతు ఆంటీ భోజనాల దగ్గర ఆమె చెయ్యి పట్టుకుంది. "ఏం బిడ్డా, కౌన్సెలింగ్ ఎక్కడిదాక వచ్చింది?"

"ఒకటి మంచిగ నడుస్తాంది ఆంటీ," అంది హెప్సిబా, అవతల కీబోర్డు సర్దుతున్న మనిషికి వినబడేలా. "ఇంకోటి ఉంది. దానికి ఇద్దరు పోవాలట."

అవతల విన్సెంట్ చెయ్యి ఒక్కసారిగా కీబోర్డు మెట్లన్నిటి మీదా పడింది.