ఆఖరి షట్టర్‌ల మసక స్క్రీన్

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో దిగి కోచింగ్ సెంటర్ల గల్లీలకు మళ్లితే మా కాంప్లెక్స్. కింద సెల్లార్‌ల ఆఖరి షట్టర్ ఉంటది గదా... దానికి మంచి పేరు లేదు. అండ్ల ఎవ్వరూ ఏడాది నిలవలే. చెప్పుల దుకాణపాయన ఖాళీ చేసిండు. ఫ్యాన్సీ షాపామె ఖాళీ చేసింది. పొద్దు గూకితే వాచ్‌మన్ గూడ అటు దిక్కు పోడు.

ముందుగాల అండ్ల చక్రపాణి ఉండేటోడు. లాప్‌టాప్‌లు రిపేర్ చేసేటోడు. ఎండకాలం గూడ మెడకు ఎర్ర మఫ్లరే. ఒకసారి ఒకామె లాప్‌టాప్‌ల డెస్క్‌టాప్ మీదున్న కొడుకు ఫొటోలన్ని చూడకుండ తుడిచేసిండు. ఆ కొడుకు అప్పటికే లేడు. ఆమె ఏడుపు విన్నంక చక్రపాణి తిండి మానేసిండు... ఆ షట్టర్‌లనే పానం ఇడిసిండు.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. జెరాక్స్ షాపోణ్ణి, నా మిషనే నాకు పెద్ద దెయ్యం. గీ ముచ్చట జనార్ధన్ చెప్పిండు, నేను విన్న, అంతే.

జనార్ధన్ గూడ లాప్‌టాప్ మెకానిక్కే. నిరుడు నాదర్‌గుల్ నుంచి వచ్చి ఆ షట్టర్ కిరాయికి తీస్కున్నడు. చక్రపాణిని ఎన్నడూ చూసినోడు గాదు. మేం గూడ ఏం చెప్పలే. తప్పు మాదే.

ఒకరోజు మీర్‌పేట్ నుంచి విజయదుర్గ మేడమ్ లాప్‌టాప్ తెచ్చింది. చెవులు వినబడని పిల్లలకు పెదవులు చూసి మాట పట్టుడు నేర్పే టీచర్ ఆమె. లాప్‌టాప్ శాన స్లో అయింది, కొత్త ఓఎస్ ఎక్కించమన్నది. పోతా పోతా ఆగింది.

"జాగ్రత్తండీ... మా వారు పోయేముందు మాట్లాడిన వీడియో అందులోనే ఉంది. ఇంకెక్కడా లేదు."

జనార్ధన్ డీ డ్రైవ్ మొత్తం కాపీ కొట్టుకున్నడు. అందరు అండ్లనే దాచుకుంటరు గదా, అదే అలవాటు. సీ డ్రైవ్ తుడిచి కొత్తది ఎక్కించిండు. తెరవంగనే కనబడే డెస్క్‌టాప్ మీదున్నవి సీ డ్రైవ్‌లనే ఉంటయని వానికి తెల్వదా? తెలుసు. చూడలే.

తర్వాత కాపీల వెతికితే — వీడియో లేదు. పోయినవి తెచ్చే సాఫ్ట్‌వేర్లన్ని నడిపిండు. ఏం రాలే.

అది చాలదన్నట్టు ఇంకో పరేషాన్... స్క్రీన్ మసకబారింది. బ్రైట్‌నెస్ ఫుల్ పెట్టినా నల్లగనే ఉంది. అట్లాంటప్పుడు మెకానిక్‌లు స్క్రీన్ మీద ఫోన్ టార్చి కొట్టి చూస్తరు. లోపటిది జర కనబడ్తది.

టార్చి కొట్టిండు.

ఒక మనిషి ముఖం... సూటిగ వీనిదిక్కే చూస్తుంది. పెదవులు కదుల్తున్నయ్. సౌండ్ లేదు.

భయం కంటె ముందు సంతోషమే అయిందట. మేడమ్ వాళ్లాయనే, వీడియో దొరికింది అనుకున్నడు.

స్క్రీన్‌ను సరిగ్గ నడిపించే సాఫ్ట్‌వేర్, డిస్‌ప్లే డ్రైవర్ వేసిండు. స్క్రీన్ తెల్లగ వెలిగింది — ముఖం లేదు. డ్రైవర్ తీసేసిండు. మసక... టార్చి... మళ్ల ముఖం. నాలుగుసార్లు అదే. ఆఖరికి మసకగనే ఉంచిండు.

మరునాడు సాయంత్రం మేడమ్ వచ్చింది.

"స్క్రీన్ ఏంటండీ, ఇలా ఉంది?"

"బాగుచేస్తే సారు కనబడ్తలేడు మేడమ్... జర ఇట్ల చూడుండ్రి."

టార్చి పట్టిండు. ఆమె ఆత్రంగ వంగింది. శాన సేపు చూసింది.

"ఈయన మా వారు కాదండీ."

జనార్ధన్ టార్చి ఇంక దగ్గరికి పట్టిండు.

"ఎవరో పెద్దాయన... మెడలో ఎర్ర మఫ్లర్. ఒకటే మాట అంటున్నాడు."

"ఏమంటుండు మేడమ్..."

ఆమె ఆ పెదవుల మీద నుంచి చూపు తియ్యలే. గుసగుసగ చదివింది.

"'డెస్క్‌టాప్ చూసినవా... డెస్క్‌టాప్ చూసినవా...' అదే."

మెల్లగ తల ఎత్తింది.

"మా వారి వీడియో డెస్క్‌టాప్ మీదే ఉందండీ. మీరు చూశారు కదా... తీసి పెట్టారు కదా?"

జనార్ధన్ చెప్దామనే నోరు తెరిచిండు. గొంతుల నుంచి మాట రాలే. పెదవులు మాత్రం కదిలినయట.

ఆమె వాటినీ చదివింది.