ఎడమవైపు గడియ

పవిత్ర శనివారం మధ్యాహ్నం. క్వెబెక్ పల్లెల్లో చిన్నపిల్లలకు చెప్పే మాట ప్రకారం గుడిగంటలు గురువారమే రోముకు వెళ్ళిపోయాయి. ఈస్టర్ పొద్దున దాకా తిరిగి రావు, మోగవు.

"అవి రోములో, నేను సెలవులో," అన్నాడు గంటలు కొట్టే ముసలి జెఫిరాన్. "మీకే సెలవు లేదు ఫాదర్. చూడండి వరుస, సంతలా ఉంది."

ఫాదర్ అన్సెల్మ్ నవ్వి పాపసంకీర్తనం, అంటే జనం తమ పాపాలు ఒప్పుకోవడం, వినే చెక్కగదిలోకి దూరాడు. నడుమ ఆయన, చెరో పక్కా మోకరిల్లేవాళ్ళు. ఒకరిది ముగిశాక ఆ పక్క కిటికీ మూసి, రెండో పక్కది తీస్తాడు. రెండు గడియలూ ఆయన వైపే. ఏడాది మురికినంతా ఒక్కపూటలో కడుక్కుందామని ఊరంతా వచ్చింది. కోళ్ళ దొంగతనాలు, అత్తాకోడళ్ళ శాపనార్థాలు. గొంతు విని మనిషిని పట్టేస్తాడాయన. పట్టనట్టు వినడమే ఆయన పని.

మనసు మాత్రం క్లోవిస్ మీదే ఉంది. చలికాలం మొదట్లో వాడి మేనత్త డెలిమాను ఎవరో గొడ్డలితో నరికారు. నెత్తురు చొక్కాతో శవం పక్కన క్లోవిస్ దొరికాడు. నేను చంపలేదన్నాడు కోర్టులో, అంతకుమించి పెదవి విప్పలేదు. వచ్చే శుక్రవారం ఉరి. వాడికి జ్ఞానస్నానం ఇచ్చింది ఫాదరే. వాడు హంతకుడంటే ఆయన నమ్మలేకపోయాడు.

పొద్దు వాలింది. జనం పలచబడ్డారు. ఆయన ఎడమ కిటికీ తీశాడు.

నది అడుగు బురద వాసన గుప్పుమంది. తర్వాత దగ్గు... చివర ఈలలా సాగే దగ్గు. చేపలు పట్టే ఒవిలాది! అప్పట్లోనే చెట్లు కొట్టే పనికి అడవికి పోయాడని ఊరు అనుకుంటున్న ఒవిలా.

"డెలిమమ్మను చంపింది నేనే ఫాదర్. గొడ్డలి మా పడవల కొట్టంలో ఉప్పు పీపా కింద ఉంది."

ఫాదర్ కిటికీ జల్లెడ దగ్గరికి వంగాడు. "అక్కడ క్లోవిస్ ఉరికంబం ఎక్కబోతున్నాడు కదరా! వెళ్ళి పోలీసులకు చెప్పు."

"వెళ్ళలేను ఫాదర్."

"భయమా?"

"పైకి రాలేను..." మళ్ళీ దగ్గు, వెంటే ఏడుపు. "చలేస్తోంది. క్షమించానని చెప్పండి. ఎవరికీ చెప్పకండి."

ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు. ఫాదర్ చెయ్యెత్తి లాటిన్ మాటలు పలికి పాపం క్షమించాడు. గడియ వేసి బయటికొచ్చి, ఎడమ తెర తొలగించాడు. ఎవరూ లేరు. మోకాళ్ళ పలక మీద నీళ్ళు నిలిచి ఉన్నాయి.

"ఇంతసేపూ ఎవరితో ఫాదర్ మాటలు?" జెఫిరాన్ వింతగా చూశాడు. "అటువైపు ఎవరూ పోలేదే."

ఆ రోజు నుంచి ఆయనది మింగలేక కక్కలేక చావు. సంకీర్తనంలో విన్నది ప్రాణం పోయినా బయటపెట్టకూడదు. కానీ పోయే ప్రాణం ఆయనది కాదు, క్లోవిస్‌ది.

మంగళవారం నది మీద మంచు పగిలింది. ఒవిలా తేలాడు. చలికాలమంతా మంచు కిందే ఉన్నాడన్నాడు డాక్టరు.

ఫాదర్ గుండెల మీద శిలువ గుర్తు వేసుకున్నాడు. ఆ వెంటనే, అనకూడదు గానీ, ప్రాణం లేచొచ్చింది. పాపసంకీర్తనం లాంటి సంస్కారాలు బతికున్నవాళ్ళకే అని, ఫాదర్ చదువు చదివిన గురుమఠంలో వల్లె వేయించారు. చచ్చినవాడు చెప్పింది సంకీర్తనమే కాదు. కానిదానికి రహస్యమేమిటి? ఎవరికీ చెప్పకండి అన్న గొంతు చెవిలో మెదిలింది. దాన్ని పక్కకు నెట్టి పోలీసుల దగ్గరకు పరుగెత్తాడు.

ఉప్పు పీపా కింద గొడ్డలి దొరికింది. పిడికి డెలిమా జపమాల చిక్కుకుని ఉంది. ఉరి ఆగింది.

ఈస్టర్ తర్వాత ఏడు వారాలకు, పెంతెకోస్తు పండగ ముందురోజు క్లోవిస్ వచ్చి కుడివైపు మోకరిల్లాడు.

"ఈ బతుకు మీరు పెట్టిందే ఫాదర్. మీ దగ్గర దాచలేను. ఆ రాత్రి ఒవిలా మా అత్త ఇంట్లోంచి ఉరుకుతుంటే చూశా. వెంటపడి, వాడు తన కొట్టంలోంచి బయటికొస్తుంటే పట్టుకున్నా. నది మంచు మీదికి ఈడ్చుకెళ్ళి, చేపలు పట్టడానికి మంచులో తవ్విన కంతలోకి తోశా. పైకి రాబోతే... బూటుతో తొక్కా. తిరిగొచ్చి అత్తను ఒళ్ళోకి తీసుకుంటే జనం చూశారు. వాడి పేరు చెబితే, వాడేడీ అంటారు. అందుకే నోరు మూసుకున్నా."

కిటికీ జల్లెడ కంతల్లోంచి వాడి వెక్కిళ్ళ ఊపిరి వెచ్చగా తగులుతోంది. వీడు బతికున్నవాడు. ఈ మాట ఫాదర్‌తోనే సమాధికి పోవాలి. చచ్చినవాడి గుట్టు రట్టు చేసి, వాణ్ణి చంపినవాడిని కాపాడాడు. ఇప్పుడు పోలీసులకు చెప్పడానికి నోరు లేదు.

"ఏడవకు నాయనా," అన్నాడు ఎలాగో. పాపం క్షమించడానికి చెయ్యెత్తాడు.

బురద వాసన...

తల తిప్పాడు. ఎడమ కిటికీ మూసే ఉంది. గడియ తన చేత్తోనే వేశాడు. అది తన వైపే ఉంది.

కొంచెం... కొంచెంగా... గడియ పక్కకు జరుగుతోంది.

"ఫాదర్," కుడివైపు నుంచి క్లోవిస్ గుసగుసలాడాడు. "నా వెనక ఎవరు దగ్గుతున్నారు?"

ఫాదర్‌కు ఏ దగ్గూ వినబడలేదు.