వద్దుల మేస్త్రి

ఆ వర్క్‌షాపులో ఇద్దరు మేస్త్రీలు. తండ్రి పెద్దమేస్త్రి, కొడుకు చిన్నమేస్త్రి. కానీ చిన్నమేస్త్రిని ఆ పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. వెడల్పు టైర్లు వేయమని వచ్చినవాడితో వద్దంటాడు. సైలెన్సర్ మార్చి నాలుగు వీధులకు వినపడేలా చేయమన్నవాడితోనూ వద్దంటాడు. మీ బండికి ఇప్పుడేం తక్కువైందని తిరిగి అడుగుతాడు. అలా అతనికి వద్దుల మేస్త్రి అనే పేరు స్థిరపడిపోయింది. వచ్చిన బేరాన్ని గుమ్మంలోంచే సాగనంపే కొడుకును చూసి పెద్దమేస్త్రి, "తనకు మాలిన ధర్మం, మొదలు చెడ్డ బేరం" అని గొణుక్కునేవాడు. గొణిగేవాడే గాని, కొడుకు మాట తప్పని ఒక్కనాడూ అనలేదు.

అలాంటి షాపు ముందు ఓ వానపొద్దున ఒక పాత వ్యాను దగ్గి, మూలిగి, గేటుకు అడ్డంగా ఆగిపోయింది. అందులోంచి ఒకమ్మాయి నెత్తిన కేకుపెట్టె మూత పట్టుకుని దిగింది. చిన్నమేస్త్రి స్క్రూడ్రైవరు తీసుకుని వ్యాను దగ్గరికి వెళ్ళబోతే ఆపేసింది. దాన్ని బాగుచేయించడానికి రాలేదట. కొత్తది కొనాలట, ఏది కొనాలో చెప్పమని వచ్చిందట.

అతనికి ముచ్చటేసింది. కొన్నాక చూపించడానికి వచ్చేవాళ్ళే గాని, కొనకముందు అడగడానికి వచ్చినవాళ్ళను అతను చూడలేదు.

ఆమె ఇంట్లోనే కేకులు చేస్తుంది. వాళ్ళమ్మ పిండి చూసుకుంటుంది, పైన పంచదార పువ్వులు ఈమె చేస్తుంది. చేసిన కేకు ఇంటికి చేర్చే పని మాత్రం ఎవరికీ వదలదు. అమ్మేమో ఇంకో వ్యానే కొనమంటోంది. బావేమో మనిషి ఎత్తున్న పెద్ద బండి కొనమని రోజూ ఫోన్ చేస్తున్నాడు.

"డబ్బాలాంటి బండిలో ఆరేళ్ళు తిరిగానండీ. ఇప్పుడు మలుపు తిప్పితే నాకు నవ్వు రావాలి. అలాగని వెనక కేకు ఏడవకూడదు. అలాంటి కారు ఉందా?"

తడిసిన జుట్టు వెనక్కి తోసుకుంటూ ఆమె అంత సీరియస్‌గా అడిగితే, అతను నవ్వు ఆపుకుని, మీరు చేసే కేకుల్లో అన్నిటికంటే పెద్దదాని పెట్టె ఎంత ఉంటుందని అడిగాడు. ఆమె వ్యానులోంచి పెట్టే తీసుకొచ్చి అతని చేతిలో పెట్టింది.

మూడు ఆదివారాలు మూడు షోరూములకు తిరిగారు. కారు పరీక్షించడానికి అతనికో పద్ధతి ఉంది, తండ్రి నేర్పిందే. స్టీరింగు కొనేవాళ్ళకే ఇచ్చి, తను వెనక సీట్లో కళ్ళు మూసుకుని కూర్చుంటాడు. ముందు సీట్లో కూర్చున్నవాడికి కారు గొప్పలు చెబుతుందిగాని, వెనక సీటుకు అబద్ధం చెప్పదంటాడు పెద్దమేస్త్రి.

మొదటి కారు బావగారు మెచ్చిన ఎత్తు కారు. మలుపు తిరిగితే ఉయ్యాలలా ఊగింది. రెండోదానికి ఇంజను దిట్టంగా ఉందిగాని, డిక్కీ మూతి ఇరుకు. కేకుపెట్టె పక్కకు వంచితే తప్ప దూరలేదు. పెట్టెను వంచడమంటే ఏమిటో తెలుసా అన్నట్టు ఆమె చూసిన చూపుకు సేల్స్‌మన్ కేటలాగు మూసేశాడు.

మూడోది ఎర్రది. ఐదు తలుపుల చిన్న హ్యాచ్‌బ్యాక్, చిన్న టర్బో ఇంజను, చేత్తో మార్చే గేర్లు. వెనక సీటు మడిచి ఇనప స్కేలు పెట్టి చూస్తే, నేల దాదాపు చదునుగా వస్తుందని తేలింది. సీటు మళ్ళీ లేపి, అతను వెనక కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ఆమె కొండదారి పట్టింది.

మలుపు వస్తోందని ఇంజను చప్పుడును బట్టి తెలిసింది. కుదుపు కోసం కాచుకున్నాడు. రాలేదు. ఇంకో మలుపు, ఇంకోటి. గేరు ఎప్పుడు మారిందో తెలియలేదు. వేగం తగ్గిందా అంటే తగ్గలేదు, గాలి అద్దాలను కొడుతూనే ఉంది. అయినా కడుపులో చల్ల కదల్లేదు. ఎంతోమంది బళ్ళలో వెనక కూర్చున్నాడతను. ట్యాక్సీలవాళ్ళు, పందేలు కట్టేవాళ్ళు, తమకు తామే మొనగాళ్ళమనుకునేవాళ్ళు అందరినీ చూశాడు. ఇలా నడిపినవాళ్ళు ఒక్కరూ లేరు. మలుపు రాకముందే బ్రేకు ముగించేస్తోంది, మలుపులో కారును దాని దారిన పోనిస్తోంది. ఆరేళ్ళు వెనక కేకులు పెట్టుకుని తిరిగిన చేతులవి.

నిజంగా కారు కదులుతోందా అని కళ్ళు తెరిచాడు. అద్దంలో ఆమె మొహం కనిపించింది. చిన్నపిల్లలా నవ్వుతోంది. అతని గుండె ఒక గేరు మార్చుకుంది, అదీ కుదుపుతో.

"కళ్ళు మూసుకోవాలన్నారు కదండీ?"

"మూసుకునే ఉన్నాను."

"మూసుకున్న కళ్ళు నావైపే చూస్తున్నాయేంటి మరి?"

అతను చటుక్కున కళ్ళు మూసేసి, ఇదే తీసుకోండి అన్నాడు. ఆ సాయంత్రం ఈ సంగతి విని పెద్దమేస్త్రి, మావాడి నోట తీసుకోండి అనే మాట వచ్చిందా అని రెండుసార్లు అడిగాడు.

కారు వచ్చింది. ఇక ఆమె రావడానికి కారణం లేదని అతను దిగులుపడుతుంటే, పది రోజులకే ఎర్ర కారు గేట్లోకి వచ్చింది. ఇంజనుకు ఇంకా గాలి అందేలా వేరే ఎయిర్ ఫిల్టరు ఉంటుందటగా, వేస్తారా అని అడిగింది. అతను చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని వచ్చి, ఉన్న ఫిల్టరు విప్పి చూపించి, ఈ దుమ్ము రోడ్ల మీద ఇదే మేలు, వద్దండి అన్నాడు. పది నిమిషాల్లో పని అయిపోయింది. వెళ్తూ ఆమె ఒక చిన్న కేకుపెట్టె బల్లమీద పెట్టి వెళ్ళింది.

మరుసటి వారం ఇంజను కంప్యూటరులో ట్యూనింగు మార్చితే కారు ఇంకా లాగుతుందటగా అంటూ వచ్చింది. వారంటీ పోతుంది, క్లచ్చి త్వరగా అరుగుతుంది, వద్దన్నాడు. ఆ పై వారం సైలెన్సరు. మీరు కేకులిచ్చే ఇళ్ళలో పసిపిల్లలు నిద్రపోతుంటారు, వద్దన్నాడు. ప్రతిసారీ ఆమె వస్తుంటే అతనికి పండగ, ప్రతిసారీ నిజం చెప్పి పది నిమిషాల్లో పంపించేసేవాడు. ఆమె మంచి కోరి చెబుతున్నానని లోలోపల గర్వం కూడా. కేకులు పెద్దమేస్త్రి తినేవాడు.

అతను చెప్పని సంగతి ఒకటుంది. ఆ కారుకు కావలసిన మార్పు ఒక్కటే ఉంది, అది అతనికి మొదటి రోజునుంచీ తెలుసు. డిక్కీ కొలతకు సరిగ్గా ఒక చెక్కపలక కోసి, అంచుకు కొయ్యపట్టీ కొట్టి, నాలుగు మూలలా మెత్తటి రబ్బరు దిమ్మలు బిగించాడు. దానిమీద పెట్టిన కేకుకు గతుకు కూడా తెలియదు. చేశాడుగాని ఇవ్వలేదు. పాత టైర్ల గుట్ట వెనక గోనెపట్టా కప్పి దాచాడు.

నాలుగోసారి ఆమె స్ప్రింగుల కోసం వచ్చింది. కారు రెండంగుళాలు కిందికి దింపితే మలుపుల్లో ఇంకా సరదాగా ఉంటుందని ఎక్కడో చదివిందట.

"మీ చేతుల్లో ఈ కారు ఇప్పుడే సరదాగా ఉంది. గట్టి స్ప్రింగులు వేస్తే ముందు కేకుకే తెలుస్తుంది. గోటితో పోయేదానికి గొడ్డలెందుకండీ? వద్దు."

ఆమె కారు తాళాలు చేతిలోకి తీసుకుంది.

"నేనేం అడిగినా మీరు ఒక్కసారైనా సరే అనరా?"

అవసరమైతే అంటానని అతను అనబోయేలోపే వెనక్కి తిరిగింది. ఆమె వెళ్ళిపోయింది. బల్లమీద పెట్టిన పెట్టె తీసుకుని మరీ వెళ్ళింది.

పెద్దమేస్త్రి ఖాళీ బల్లవంక చూసి, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఇంజను గొంతు మారితే పసిగడతావు కదరా. మనిషి గొంతు మారితే వినపడదా నీకు? రోగం లేని బండిని నాలుగుసార్లు డాక్టరు దగ్గరికి ఎవరైనా ఎందుకు తెస్తారు?"

అతనికి అప్పటికిగాని బుర్ర వెలగలేదు. వెలిగాక కాళ్ళు కదల్లేదు. ఇప్పుడు వెళ్ళి ఏం చెప్పాలి? సైలెన్సరు వేస్తాను రండి అనాలా? తనే కదా నాలుగుసార్లూ పొమ్మన్నది. ఒక వారం గడిచింది, రెండు గడిచాయి, మూడోదీ గడిచింది. ఎర్ర రంగు బండి వీధిలో పోతే చాలు తల ఎత్తేవాడు. ఆమె ఇక రాదని నిశ్చయించుకుని, చెక్కపలక ఇంటికి చేర్చి వద్దామా అని ఒకసారి బయలుదేరి, గేటుదాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఎర్ర కారు వచ్చింది. గేటు దగ్గరున్న చిన్న గతుకుకే కుందేలులా గెంతుతూ వచ్చింది. రెండంగుళాలు కిందికి దిగి ఉంది.

ఆమె దిగి, తల ఎత్తకుండానే మొత్తం చెప్పేసింది. కోపంతో వేరే చోటికి వెళ్ళి స్ప్రింగులు మార్పించిందట. వాళ్ళు అడిగింది అడిగినట్టే చేశారు. రేపు పది గంటలకు కొండమీద గెస్ట్‌హౌసులో పెళ్ళి, మూడంతస్తుల కేకు ఇవ్వాలి. ఇవాళ పరీక్షకని పువ్వులు లేని అంతస్తుల కేకు ఒకటి పెట్టుకుని ఆ దారిలో వెళ్ళి చూస్తే, సగం దారిలోనే పై అంతస్తు జారి కిందికి వచ్చింది.

"అడుసు తొక్కడమెందుకు, కాలు కడగడమెందుకు అని మా అమ్మ పొద్దుటినుంచీ తిడుతోంది. మీరూ తిట్టండి."

అతను తిట్టలేదు. పాత స్ప్రింగులు ఉన్నాయా అని మాత్రం అడిగాడు.

"డిక్కీలోనే ఉన్నాయండీ. ఎందుకో పారేయబుద్ధి కాలేదు."

తండ్రీకొడుకులిద్దరూ చొక్కా చేతులు మడిచారు. పొద్దు వాలేలోపు నాలుగు స్ప్రింగులూ మళ్ళీ పాతవే ఎక్కాయి. ఆమె అంతసేపూ బోల్టులు పెట్టిన పళ్ళెం పట్టుకుని పక్కనే నిలబడింది, ఏది అడిగితే అది అందించింది. చేతులకు గ్రీజు అంటినా పట్టించుకోలేదు. ఇలాంటి మనిషిని పది నిమిషాల్లో ఎలా పంపించేశానా అని అతను కారు కిందనుంచి ఆమె చెప్పులవంక చూస్తూ తనను తానే తిట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున వాళ్ళమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, కేకు తీసుకుని, ఆమె నత్తనడకన షాపు దాకా వచ్చింది. కొండ ఎక్కే ముందు ఒకసారి చూడమంది. అతను టైర్ల గుట్ట వెనక్కి వెళ్ళి, గోనెపట్టా తీసి, చెక్కపలక తెచ్చాడు. కేకును బల్లమీదికి దింపి, పలకను పైన గుడ్డతో తుడిచి డిక్కీలోకి తోస్తే, అచ్చు పోసినట్టు ఇమిడిపోయింది. కేకును నలుగురూ కలిసి దానిమీదికి దింపారు. అలవాటు చొప్పున అతను వెనక సీటు కోసం చూశాడు. సీటు మడిచేసి ఉంది. ఆ స్థలమంతా కేకుదే.

వాళ్ళమ్మ అతన్నీ, కూతుర్నీ మార్చి మార్చి చూసి, తనకు కొండదారి పడదని, పెద్దాయనతో మాట్లాడుతూ ఇక్కడే కూర్చుంటానని దిగిపోయింది.

అలా అతను మొదటిసారి ఆ కారు ముందు సీట్లో కూర్చున్నాడు. మోకాళ్ళెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఏం చేయాలో తోచక కళ్ళు మూసుకున్నాడు.

"ముందు సీట్లో కళ్ళు మూసుకోనక్కర్లేదండీ" అందామె, దారివంకే చూస్తూ.

తెరిచాడు. ఇక మూయలేదు. మలుపు తర్వాత మలుపు ఆమె చేతుల్లో పట్టుచీర మడతలా ఒద్దికగా విచ్చుకుంటూ వచ్చింది. కారు మంచిదే, పలక మంచిదే. కానీ ఆ కేకును కొండెక్కించింది ఆ రెండు చేతులు. ఆ మాట పైకి అనేశాడు కూడా. ఆమె చెవులు ఎర్రబడ్డాయిగాని స్టీరింగు మాత్రం వణకలేదు.

గెస్ట్‌హౌసులో కేకు దింపితే, పంచదార పువ్వుల్లో ఒక్క రేకు కదల్లేదు. పెళ్ళివారు చప్పట్లు కొట్టారు. కారు దగ్గరికి తిరిగి వచ్చి డిక్కీ వేయబోతూ ఆమె ఆగిపోయి, పలకను కాస్త ఎత్తి అడుగున వేలితో రాసి చూసింది. వేలికి మందంగా దుమ్ము అంటింది.

"ఇది నిన్న చేసింది కాదు."

"కాదు. మీరు సైలెన్సరు కోసం వచ్చిన వారం చేసింది."

"మరి ఇవ్వలేదేం?"

అబద్ధం చెప్పడం అతనికి చేతకాదు. ఇన్నాళ్ళూ ఇంజన్ల గురించి చెప్పిన నిజాలన్నీ తేలికగానే వచ్చాయి, ఇది మాత్రం డిక్కీ అంచువంక చూస్తూ చెప్పాడు.

"ఇచ్చేస్తే ఈ కారుకు ఇక నేను చేయాల్సిందేం ఉండదు. మీరిక రారనిపించింది."

ఆమె దుమ్ము వేలు తుడుచుకోవడం మరిచిపోయింది. తర్వాత నవ్వింది, అప్పుడు అద్దంలో నవ్విన నవ్వే. "నాకు సైలెన్సరంటే ఏమిటో కూడా సరిగ్గా తెలియదండీ. బయలుదేరే ముందు ఫోన్లో చదువుకుని వచ్చేదాన్ని. మీరేమో ప్రతిసారీ వద్దు, వద్దు. నన్నే వద్దంటున్నారనుకున్నాను."

కొండగాలికి డిక్కీ తలుపు ఊగుతుంటే ఇద్దరూ ఒకేసారి పట్టుకున్నారు. మళ్ళీ సర్వీసు ఎప్పుడని ఆమె అడిగింది. మీరు తిరిగే లెక్కకు ఇంకో ఐదు నెలలన్నాడు.

"అందాకా కారుకు ఏమీ అక్కర్లేదా?"

"కారుకు ఏమీ అక్కర్లేదు" అని, ఊపిరి పీల్చుకుని, మిగతాది కూడా అనేశాడు. "రేపు కారు లేకుండా రండి."

మర్నాడు ఆదివారం. పెద్దమేస్త్రి గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వీధి మలుపులోంచి కేకులమ్మాయి చేతిలో పెట్టెతో నడిచి వచ్చింది.

"బండేదమ్మా?"

"ఇంట్లో ఉందండీ. దానికేం రోగం లేదు."

పెద్దమేస్త్రి పెట్టె అందుకుని, లోపలికి తిరిగి కొడుకును కేకేశాడు. ఇవాళ షాపుకు సెలవని, రెంచీ కింద పెట్టి చొక్కా మార్చుకోమని చెప్పాడు. ఎప్పుడూ ఏదో ఒకటి వద్దనే ఆ కొడుకు ఆ ఒక్క మాటకు మారు మాట్లాడకుండా, సబ్బు వెతుక్కుంటూ కుళాయి దగ్గరికి పరుగెత్తాడు.