రెయిన్‌కోటు మీద కొలత

“పెరిగే పిల్ల. పెద్ద బ్యాగు కొంటే నాలుగేళ్లు మన్నుతుంది,” అంది అమ్మ. పొద్దుటి నుంచీ ఇదే పాట.

“బ్యాగు మన్నుతుంది సరే, పిల్ల నడుం మన్నొద్దూ?” అంది డాక్టరమ్మ.

నిజానికి ఆమె ఫిజియోథెరపిస్టు. రోజంతా క్లినిక్‌లో జనం మెడలూ నడుములూ సరిచేసి వస్తుంది కాబట్టి ఇంట్లోవాళ్లు వేళాకోళానికి ఆ పేరు పెట్టారు.

“చక్రాల బ్యాగు కొనెయ్యండి, లాక్కుపోతుంది,” అన్నాడు అన్నయ్య పేపరు చాటు నుంచి.

“దాని క్లాసు మూడో అంతస్తులో అన్నయ్యా. మెట్ల మీద నువ్వెళ్లి లాగుతావా?”

“నాకు రెక్కలది కావాలి,” అంది పిడుగు.

పిడుగు అన్నయ్య కూతురు. చదివేది రెండో క్లాసే అయినా ఇంటిల్లిపాదినీ గడగడలాడిస్తుంది. అలాంటిది కొన్నాళ్లుగా స్కూలు నుంచి మెడ పట్టుకుని వస్తోంది. భుజాల మీద పట్టీల అచ్చులు ఎర్రగా తేలుతున్నాయి. గొడవంతా ఆ అచ్చుల దగ్గరే మొదలైంది.

“మీరు తేల్చుకునేసరికి అది కాలేజీకెళ్తుంది,” అంది వదిన వంటింట్లోంచి.

అమ్మ అసలు సంగతికి వచ్చేసింది. “దీనికి బ్యాగైనా వీపే చూడాలి, పెళ్లికొడుకైనా వీపే చూడాలి. ఒకడికి గూని అంది. ఇంకొకడికి ఫోను చూసీ చూసీ మెడ ముందుకొచ్చిందంది. ఆదివారం వస్తామంటున్న అబ్బాయి ఫోటో చూశావుగా? జెండా కర్రలా ఉన్నాడు. వాళ్లని రమ్మనాలో వద్దో శనివారంకల్లా చెప్పు. ఇంక నావల్ల కాదు.”

“ముందు బ్యాగు తేలనీ అమ్మా,” అంటూ ఆమె పిల్ల చెయ్యి పట్టుకుని బయటపడింది.

వీధి మలుపు తిరిగేసరికి వాన అందుకుంది. పిడుగుకి రెయిన్‌కోటు తొడిగి, తను సగం తడిసి, ఎదురుగా కనిపించిన బ్యాగుల షాపులో దూరింది. చేతిలో పిల్ల పుస్తకాలన్నీ కుక్కిన గుడ్డసంచి ఒకటి.

గోడల నిండా బుగ్గలు పూరించుకుని కూర్చున్నట్టు బ్యాగులు. ఆమె ఒకదాని జిప్పు లాగి, లోపలి కాగితం ఉండలన్నీ తీసి కౌంటరు మీద పోసింది. తర్వాత ఇంకోదానివి.

“మేడం, మేడం! వాటి కడుపు కోసేస్తున్నారేంటి?” నిచ్చెన మీంచి ఒక గొంతు.

“కాగితాలు కూరితే ప్రతి బ్యాగూ అందంగానే ఉంటుంది. పుస్తకాలు పెట్టి చూస్తేనే దాని బుద్ధి తెలిసేది.”

నిచ్చెన దిగి వచ్చినతను ఆ షాపు యజమాని. ఆమె కనురెప్పల మీద ఇంకా వాన చినుకులున్నాయి. అతను వాటిని చూశాడు. చూసి, శుభ్రంగా ఉన్న కౌంటరునే మళ్లీ తుడిచాడు.

“ఆపరేషన్ మీరొక్కరే చేస్తారా, నన్ను కూడా సాయం పట్టమంటారా?”

“పట్టండి. బరువు పుస్తకాలు వీపు వైపు పెట్టండి. పట్టీలు వెడల్పుగా, మెత్తగా ఉండాలి. బ్యాగు పిల్ల వీపు కన్నా వెడల్పు ఉండకూడదు, నడుం కిందికి వేలాడకూడదు. పిడుగూ, తగిలించుకుని నడువు.”

పిడుగు నడిచింది. వేరే బ్యాగు తగిలించుకుని మళ్లీ నడిచింది.

“ఫ్యాషన్ షోనా?” అన్నాడతను.

“నవ్వకండి. మీ కుడి భుజం ఎడమదాని కన్నా కిందికుంది. మూటలన్నీ ఆ పక్కే మోస్తారు కదూ?”

అతను అద్దంలోకి తొంగి చూసుకున్నాడు. “ఇన్నాళ్లూ మా అద్దమే వంకర అనుకుంటున్నానండీ!”

ఆమె నవ్వాపుకోవడానికి ఒక జిప్పుని అనవసరంగా రెండుసార్లు లాగింది.

రెక్కల బ్యాగుని పిడుగు పట్టుకుని వదల్లేదు. దాని పట్టీలు తాళ్లలా సన్నగా ఉన్నాయి, వీపు వైపు మెత్త లేనే లేదు. అన్ని విధాలా కుదిరింది ఒక బూడిద రంగుది.

“ఇది తాతయ్యల బ్యాగు అత్తా,” పిడుగు మూతి ముడిచింది.

డాక్టరమ్మ పట్టీలు బిగించి, వేలు పెట్టి చూపించింది. “సరిగ్గా ఇక్కడ కుట్టేయండి. లేకపోతే ఇది స్టైలు కోసం వదులు చేసి కిందికి వేలాడేసుకుంటుంది.”

అతను పిల్లని చూశాడు. పిల్ల ఒంటి మీది రెయిన్‌కోటుని చూశాడు. ఆమెని చూశాడు. ఏదో అనబోయి, బుద్ధిమంతుడిలా సూదీ దారం తీశాడు.

మర్నాడు సాయంత్రం ఆమె క్లినిక్ నుంచి వచ్చేసరికి పిడుగు సోఫాలో బోర్లా పడి ఉంది.

“అత్తా, నీ బ్యాగు పాతదాని కన్నా దుర్మార్గం.”

తగిలించి చూస్తే పట్టీలు భుజాల మీంచి జారిపోతున్నాయి. బ్యాగు నడుం దాటి ఊగుతోంది. ఎక్కడ పొరపాటు జరిగిందో ఆమెకి ఎంతకీ అంతుపట్టలేదు, మేకుకి వేలాడుతున్న మందపాటి రెయిన్‌కోటు కంటపడేదాకా.

కొలత దాని మీద తీసింది!

“అయితే నాలుగేళ్లు మన్నే పెద్ద బ్యాగు నువ్వే కొన్నావన్నమాట,” అంది అమ్మ తీరిగ్గా.

అరగంటలో అత్తా మేనకోడళ్లు మళ్లీ షాపులో ఉన్నారు. “కుట్టు విప్పాలి,” అంది డాక్టరమ్మ తలెత్తకుండా.

అతను దారం కొన పట్టుకుని లాగాడు. కుట్టంతా ఒక్కసారే ఊడి వచ్చేసింది.

“ఇదేం కుట్టు?”

“ఉత్తుత్తి కుట్టండీ. రెయిన్‌కోటు మీద కొలిచారని నిన్ననే చూశాను.”

“మరి చెప్పలేదేం?”

“చెబితే మళ్లీ రారుగా,” అన్నాడు, కళ్లతో నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. పిల్ల చొక్కా కాలరు పక్కకి జరిపి ఎర్రటి అచ్చులు చూపించింది. “ఇది రోజంతా అలాగే మోసింది.”

అతని ముఖంలో నవ్వు ఆరిపోయింది. “కోటు విప్పగానే తెలిసిపోతుంది, నిన్న సాయంత్రమే వస్తారు అనుకున్నా...” అంటూ ఆగిపోయాడు. ఇంకేం చెప్పుకోకుండా కౌంటరు దాటి వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆమె ముందు కాదు, పిడుగు ముందు.

“తప్పు నాది. నా సరదా తీసుకెళ్లి నీ భుజాల మీద పెట్టాను. సారీ.”

పిడుగు జడ్జిలా ఆలోచించింది. “రెక్కలిస్తే క్షమిస్తా.”

అతను రెక్కల బ్యాగు దింపి, కత్తెర తీసి, రెక్కలు రెండూ కోశాడు. బూడిద రంగు బ్యాగుకి ఒక్కో రెక్కా పట్టి పట్టి కుట్టాడు. ఈసారి ఉత్తుత్తి కుట్టు కాదు. డాక్టరమ్మ పక్కనే నిలబడి చూసింది. కోపం తగ్గిందని తెలియనివ్వకూడదని చాలా ప్రయత్నించింది.

తర్వాత ఉత్త చొక్కా మీద కొలత తీసుకున్నారు. “ఇంకొంచెం బిగించండి... చాలు,” అంది. ఒకే పట్టీ మీద ఇద్దరి వేళ్లూ ఉన్నాయి. తీసేయడానికి ఎవరూ తొందరపడలేదు.

“ఆదివారం షాపుకి సెలవు,” అన్నాడతను పట్టీ వైపే చూస్తూ. “మా అమ్మని తీసుకుని మీ ఇంటికి రావచ్చా? ఈసారి ఏదీ దాచకుండా ముందే చెప్తున్నాను. మీరంటే ఇష్టం.”

“ఆదివారం కుదరదంకుల్,” అంది పిడుగు. “అత్తని చూడ్డానికి జెండా కర్ర వస్తున్నాడు. పెళ్లికొడుకు.”

అతని ఎడమ భుజం కూడా దిగిపోయింది.

“అత్తా, చూడు చూడు! ఇప్పుడు రెండూ సమానం!”

ఇక ఆపుకోవడం ఆమె వల్ల కాలేదు. షాపంతా వినపడేలా నవ్వేసింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, “రోజూ కాసేపు గోడకి వీపు ఆనించి నిలబడండి. మూటలు రెండు పక్కలా మార్చి మోయండి,” అంది.

“ఇది జవాబా, వైద్యమా?”

“వాడి చూడండి, మీకే తెలుస్తుంది.”

శనివారం భోజనాల దగ్గర రేపటి ఏర్పాట్లు జోరుగా సాగుతున్నాయి. ఆమె మౌనాన్ని అమ్మ అంగీకారం కింద జమకట్టేసుకుంది. సోఫా కవర్లు మార్చాలంది. కర్టెన్లు ఉతికితే చాలంది వదిన. పిడుగు బ్యాగు విప్పనని మొండికేసి, రెక్కలతోనే కూర్చుని తింటోంది. రెండు రోజులుగా అది మెడ పట్టుకోవడం ఎవరూ చూడలేదు.

“అమ్మా, రేపు వాళ్లని రావద్దని చెప్పు,” అంది డాక్టరమ్మ, మంచినీళ్లు అడిగినంత నెమ్మదిగా.

అందరి చేతులూ ఆగాయి.

“వీడికేం వచ్చిందే? కర్రలా నిలబడ్డాడు కదా!”

“నిలబడితే చాలదమ్మా. తప్పు చేస్తే చిన్నపిల్ల ముందైనా వంగగలగాలి. అలాంటి మనిషి ఒకరు కనిపించారు. వాళ్లమ్మగారిని తీసుకుని రేపు రమ్మని ఇందాకే ఫోన్ చేశాను.”

దాక్కోవడానికి పేపరు లేక అన్నయ్య కూతురి చెవిలో అడిగాడు. “ఎవరే?”

“రెక్కలంకుల్,” అంది పిడుగు నమలడం ఆపకుండా.

అమ్మ కూతురి ముఖంలోకి చాలాసేపు చూసింది. చూసి చూసి చివరికి అడిగింది. “మరి వీపు?”

“కుడి భుజం కొంచెం దిగి ఉంటుంది,” అంది డాక్టరమ్మ. “నేను చూసుకుంటాను.”